రెండో జట్టుకీ అసలైన ప్రత్యర్థి కావాలి

టెక్సస్‌లో డాలస్ పక్కనున్న మా ఫ్రిస్కోలో జూలై నెలలో రాత్రి ఎనిమిదైనా సెగ తగ్గదు. 2019 వేసవిలో అలాంటి ఒక రాత్రి పదకొండేళ్ళ మా అబ్బాయిని తీసుకుని ఫుట్‌బాల్ మ్యాచ్ చూడటానికి టొయోటా స్టేడియానికి వెళ్ళాను. ఇరవై వేల మందికి పైగా పట్టే స్టేడియం అది. ఆ రాత్రి వచ్చింది మహా అయితే కొన్ని వందల మంది. ఎక్కడ కావాలంటే అక్కడ కూర్చోవచ్చు కాబట్టి గ్రౌండ్‌కి బాగా దగ్గరగా, మూడో వరసలో కూర్చున్నాం. జనం లేని స్టేడియంలో ఆట కనిపించడమే కాదు, వినిపిస్తుంది కూడా. బూటు బంతికి తగిలిన చప్పుడు, కోచ్ కేకలు, ఒకడి మోచెయ్యి ఇంకొకడి పక్కటెముకలకి తగిలినప్పుడు వచ్చే మూలుగు, అన్నీ.

ఆడుతున్నది నార్త్ టెక్సస్ ఎస్‌సీ, అంటే మా ఊరి ఎఫ్‌సీ డాలస్ క్లబ్బుకి రిజర్వ్ జట్టు, కుర్రాళ్ళని తయారుచేసే రెండో జట్టు. ముందు వరసలో ఒక కుర్రాడున్నాడు. ఇంకా మీసం సరిగ్గా రాని వయసు. అతన్ని కాపలా కాస్తున్న డిఫెండర్‌కి ముప్ఫై దాటి ఉంటాయి, గడ్డం, మోకాలికి పట్టీ. కుర్రాడు గోల్ వైపు వీపు పెట్టి బంతిని ఆపుకోబోయిన ప్రతిసారీ ఆ పెద్దాయన తుంటితో ఒక్క తోపు తోసి బంతి లాగేసుకున్నాడు. మొదటి అరగంటలో ఇలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి కుర్రాడు బోర్లా పడ్డాడు. రిఫరీ విజిల్ ఊదలేదు. కుర్రాడు చేతులు చాపి ఇదేంటన్నట్టు చూశాడు. ఎవరూ పట్టించుకోలేదు, ఆట అటువైపు వెళ్ళిపోయింది.

సెకండ్ హాఫ్‌లో ఆ కుర్రాడు బంతిని ఆపుకోవడం మానేశాడు. వచ్చిన బంతిని ఒక్క టచ్‌తో పక్కవాడికి ఇచ్చి, తోపు తగిలే లోపే తిరిగి పరిగెత్తడం మొదలుపెట్టాడు. ఆట ఇంక ఇరవై నిమిషాల్లో ముగుస్తుందనగా ఒక్కసారి ఆ పెద్దాయన్ని దాటి వెళ్ళాడు. కొట్టిన షాట్ పక్క నెట్‌కి తగిలింది. గోల్ కాలేదు, స్కోరు బోర్డు మీద ఏమీ మారలేదు. మా వాడు మాత్రం లేచి నిలబడి, "నాన్నా, చూశావా, నేర్చేసుకున్నాడు!" అన్నాడు.

ఆ ముప్ఫై దాటిన మనిషి లేకపోతే ఆ కుర్రాడికి ఆ పాఠం ఎక్కడ దొరికేది? ఏడేళ్ళుగా నేను ఈ విషయమే ఆలోచిస్తున్నాను. స్నేహితులతో వాదించాను, ఇంట్లో భోజనాల దగ్గర వాదించాను. రిజర్వ్ జట్టంటే ప్రాక్టీస్ జట్టు కాదు. దానికి నిజమైన లీగ్ కావాలి. ఆట మీదే ఇల్లు గడిచే మనుషులు, వాళ్ళ కోసం టికెట్టు కొనుక్కుని వచ్చే ఊరు ఎదురుగా ఉండాలి. అది లేకుండా పిల్లల్ని పిల్లలతోనే ఆడించుకుంటే సీజన్ గడుస్తుంది, అంతే.

అమెరికాలో సాఫ్ట్‌వేర్ చేసే తెలుగువాళ్ళకి బెంచ్ అంటే ఏమిటో నేను చెప్పక్కర్లేదు. ఒక ప్రాజెక్ట్ అయిపోతుంది, రెండోది దొరకదు. కన్సల్టెన్సీ వాళ్ళిచ్చిన గెస్ట్‌హౌస్‌లో నలుగురితో కలిసి అన్నం వండుకుంటూ ఫోన్ కోసం చూస్తుంటాం. 2009లో నేను నాలుగు నెలలు అలా ఉన్నాను. ఊరికే కూర్చోలేదు. రోజుకి పది గంటలు చదివాను, సర్టిఫికేషన్లు రాశాను, మాక్ ఇంటర్వ్యూలు ఇచ్చాను. చివరికి ప్రాజెక్ట్ దొరికిన మూడో వారంలో అర్ధరాత్రి ప్రొడక్షన్ డౌన్ అయింది. అవతల క్లయింట్ లైన్‌లో ఉన్నాడు, నిమిషానికింత నష్టం వస్తోంది, నా చేతులు వణుకుతున్నాయి. ఆ ఒక్క రాత్రి నేర్చుకున్నది నాలుగు నెలల చదువులో లేదు. చదువు దండగ అనడం లేదు. అది లేకపోతే ఆ రాత్రి గట్టెక్కేవాణ్ణే కాదు. కానీ చదువు పనికొచ్చిందో లేదో తేలింది మాత్రం ఆ టెన్షన్‌లోనే. గట్టు మీద ఎంతసేపు చేతులాడించినా ఈత రాదు, నీళ్ళలో దిగాల్సిందే.

ఫుట్‌బాల్‌లో బెంచ్ ఇంకా దారుణం. క్లబ్బు పిల్లలకి ఆట నేర్పే అకాడమీలో పదహారేళ్ళ కుర్రాడు తన వయసు వాళ్ళందరినీ ఆడుకుంటాడు. వాణ్ణి తెచ్చి మొదటి జట్టులో పెడితే సీజన్ మొత్తానికి నలభై నిమిషాల ఆట దొరకడం కష్టం. కోచ్‌కి తన ఉద్యోగం ముఖ్యం, పిల్లాడి మీద ప్రయోగాలు చెయ్యలేడు. తిరిగి అకాడమీకి పంపితే అక్కడ నేర్చుకోవడానికి ఏమీ మిగల్లేదు. పదహారుకీ ఇరవైకీ మధ్య ఉన్న ఈ గుంటలో ఎంతమంది పడిపోతారో క్లబ్బుల్లో పనిచేసేవాళ్ళని అడిగితే తెలుస్తుంది.

2019కి ముందు ఎఫ్‌సీ డాలస్‌కి ప్రొఫెషనల్ లీగ్‌లో ఆడే సొంత రెండో జట్టు లేదు. అకాడమీ మాత్రం దేశంలో పేరున్నది. స్టేడియం చుట్టూ పదిహేడు గ్రౌండ్లుంటాయి. శనివారం ఉదయం ఆ పక్క నుంచి కార్యసిద్ధి హనుమాన్ గుడికి వెళ్తుంటే ఏ గ్రౌండ్ చూసినా పిల్లలే. ఆ అకాడమీలో పెరిగిన వెస్టన్ మెకెన్నీ 2016లో ఎఫ్‌సీ డాలస్‌తో కాంట్రాక్ట్ చేసుకోకుండానే జర్మనీలో షాల్కేకి వెళ్ళిపోయాడు. క్రిస్ రిచర్డ్స్ బయెర్న్ మ్యూనిక్‌కి వెళ్ళాడు. అతని సంగతి మళ్ళీ చెబుతాను, నా వాదనలో అతనికి పెద్ద చోటుంది.

2019లో, కింది అంచెల లీగ్‌లు నడిపే యూఎస్ఎల్ అనే సంస్థ లీగ్ వన్ అని కొత్త లీగ్ మొదలుపెట్టింది. అమెరికా ఫుట్‌బాల్‌లో మూడో అంచె. పది జట్లు, జట్టుకి 28 మ్యాచ్‌లు. అందులో అమెరికా మొదటి అంచె లీగ్ అయిన ఎంఎల్ఎస్ క్లబ్బుల రిజర్వ్ జట్లు మూడు: నార్త్ టెక్సస్, ఓర్లాండో సిటీ బి, టొరంటో ఎఫ్‌సీ 2. మిగతావాటిలో చాలావరకు ఊళ్ళ జట్లు. రిచ్‌మండ్ కిక్కర్స్ 1993 నుంచి ఉన్న క్లబ్. జార్జియాలో స్టేట్స్‌బరో అనే కాలేజీ టౌన్ నుంచి టార్మెంటా వచ్చింది. విస్కాన్సిన్‌లో మాడిసన్ వాళ్ళు 1926లో కట్టిన పాత స్టేడియంలో ఆడుతూ మ్యాచ్‌కి సగటున నాలుగు వేల మందికి పైగా రప్పించుకున్నారు. వాళ్ళ గుర్తు గులాబీ రంగు ఫ్లమింగో. ఆ ఊళ్ళకి అదే మొదటి జట్టు, అదే చివరి జట్టు.

నార్త్ టెక్సస్ మొట్టమొదటగా సంతకం చేయించుకున్న ఆటగాడు రికార్డో పెపీ. టెక్సస్ చివర మెక్సికో సరిహద్దులో ఉన్న ఎల్ పాసో కుర్రాడు. 2019 మార్చి 30న చట్టనూగా రెడ్ వుల్వ్స్ మీద ఆడిన మొదటి మ్యాచ్‌లోనే మూడు గోల్స్ కొట్టాడు, జట్టు 3-2తో గెలిచింది. అప్పటికి అతనికి పదహారేళ్ళు. ఆ మ్యాచ్ నేను చూడలేదు. ఆ సోమవారం మా ఆఫీసులో ఒక మెక్సికన్ సహోద్యోగి కాఫీ దగ్గర చెబితేనే అసలు ఇలాంటి జట్టొకటి ఉందని తెలిసింది. జూన్‌లో పెపీ ఎఫ్‌సీ డాలస్ కాంట్రాక్ట్ మీద సంతకం చేశాడు. 2021లో అమెరికా జాతీయ జట్టులోకి వచ్చాడు. 2022 జనవరిలో జర్మన్ క్లబ్ ఆగ్స్‌బర్గ్ అతన్ని దాదాపు రెండు కోట్ల డాలర్లకి కొనుక్కుంది.

రిజర్వ్ జట్ల గురించి మాట్లాడినప్పుడు అందరూ ఈ కథే చెప్పి ఆపేస్తారు. ఒక్క పెపీ అమ్ముడుపోతే పదేళ్ళ ఖర్చు వచ్చేసిందంటారు. లెక్క తప్పు కాకపోవచ్చు గానీ, నాకు ఆ సీజన్‌లో పెపీ కన్నా ఎక్కువ ఇష్టమైనవాడు రొనాల్డో డామస్. హైతీ నుంచి వచ్చిన ఫార్వర్డ్. ఆ ఏడాది 16 గోల్స్‌తో లీగ్‌లో అందరికన్నా పైన నిలిచాడు. అతన్ని రెండు కోట్లకి ఎవరూ కొనలేదు. 2021లో కాలిఫోర్నియాలో ఆరెంజ్ కౌంటీకి వెళ్ళాడు. ఆ నవంబర్‌లో యూఎస్ఎల్ చాంపియన్‌షిప్, అంటే రెండో అంచె ఫైనల్‌లో ట్యాంపా బే మీద రెండు గోల్స్ కొట్టి జట్టుని గెలిపించాడు. ఆ మ్యాచ్ మా ఇంట్లో టీవీలో చూస్తూ నేను వేసిన కేకకి మా ఆవిడ వంటింట్లోంచి పరిగెత్తుకొచ్చింది.

రిజర్వ్ జట్టంటే పైకి వెళ్ళే నిచ్చెన ఒక్కటే అనుకుంటే డామస్ కథ అర్థం కాదు. ఆ జట్టులో ఆడే ఇరవై మందిలో పెద్ద లీగ్‌లో స్థిరపడేది ముగ్గురో నలుగురో. మిగతావాళ్ళు బతకాల్సింది ఆ రెండో, మూడో అంచెల్లోనే. అక్కడి ఆట, అక్కడి బస్సు ప్రయాణాలు, అక్కడి డిఫెండర్ల తుంటి దెబ్బలు ముందే తెలిసినవాడికి ఇంకో క్లబ్బు పిలిచి ఉద్యోగం ఇస్తుంది. అకాడమీ కప్పులు మాత్రమే గెలిచినవాడిని చూసి ఏ చిన్న క్లబ్ కోచ్ అయినా సందేహిస్తాడు. నేనైనా అంతే.

ఆ సీజన్‌లో నార్త్ టెక్సస్ పట్టికలో మొదటి స్థానంలో నిలిచింది. ఓర్లాండో సిటీ బి అట్టడుగున నిలిచింది. ఒకే లీగ్, ఒకే రకం జట్టు, ఇద్దరూ పెద్ద క్లబ్బుల పిల్లలే. రిజర్వ్ జట్టుకి ఫలితాలతో పని లేదు అనేవాళ్ళకి ఈ రెండు చివర్లూ చూపించాలి. ఎదుట ఉన్నవాళ్ళు మొహమాటానికి ఓడిపోరు, జాలిపడి గెలవనివ్వరు. ఎంత కట్టి వెళ్ళావో అంతే మూట తెచ్చుకుంటావు.

అక్టోబర్ 19న ఫైనల్ ఫ్రిస్కోలోనే జరిగింది. ప్రత్యర్థి గ్రీన్‌విల్ ట్రయంఫ్, సౌత్ కరొలైనా నుంచి వచ్చిన జట్టు. వాళ్ళ కోచ్ జాన్ హార్క్స్, ఒకప్పుడు అమెరికా జట్టుకి కెప్టెన్. గ్రీన్‌విల్ వాళ్ళు గోల్ ఇవ్వని జట్టు. రెండు గీతలు గీసినట్టు నిలబడి, మన కుర్రాళ్ళు ఎటు తిరిగినా దారి మూసేశారు. ఆర్టురో రోడ్రిగెజ్ కొట్టిన ఒక్క గోల్‌తో నార్త్ టెక్సస్ గెలిచింది, 1-0. ఎరిక్ క్విల్ కోచింగ్‌లో మొదటి సీజన్‌లోనే టైటిల్. నాకు బాగా గుర్తున్నది గోల్ కాదు, చివరి పది నిమిషాలు. సీజన్ మొదట్లో ఆధిక్యంలో ఉన్నా ఇంకో గోల్ కోసం ఎగబడే పిల్లలు, ఆ రోజు టైమ్ గడపడానికి బంతిని మూల జెండా దగ్గరికి తీసుకెళ్ళి నిలబడ్డారు. త్రో వెయ్యడానికి ముందు బంతిని చొక్కాతో తుడుచుకున్నారు. కాస్త మోటు పనే. కానీ అది నేర్పింది ఏ అకాడమీ కోచో కాదు, మార్చి నుంచి అక్టోబర్ దాకా వాళ్ళ మీద అదే పని చేసిన ఊళ్ళ జట్లు.

వాదనలో అవతలి పక్షం కూడా ఉంది, వాళ్ళ మాట తేలిగ్గా తీసెయ్యకూడదు. మాడిసన్ అభిమాని వైపు నుంచి చూడండి. నీ జట్టు ప్లేఆఫ్స్ కోసం ప్రాణం పెట్టి ఆడుతోంది. ఈ వారం నీతో పోటీలో ఉన్న ఇంకో జట్టుకి ఎదురైన రిజర్వ్ జట్టులో అందరూ పిల్లలే. వచ్చే వారం నీ మీద ఆడేటప్పుడు అదే జట్టులోకి గాయం నుంచి కోలుకుంటున్న మొదటి జట్టు ఆటగాళ్ళు ముగ్గురు దిగుతారు, ఎందుకంటే వాళ్ళకి ఆట కావాలి. ఆ పోటీ జట్టుకి మూడు పాయింట్లు సులువుగా దొరికాయి, నీకు దొరకలేదు. పైగా రిజర్వ్ జట్టు మీ ఊరికి వస్తే వాళ్ళ వెంట అభిమానులెవరూ రారు. టికెట్లు అమ్ముడుపోవు. మన ఫ్రిస్కోలో ఆ జూలై రాత్రి ఖాళీ సీట్లు నేను కళ్ళారా చూశాను. టికెట్ల డబ్బుతో జీతాలిచ్చే క్లబ్బుకి ఇది నిజమైన నష్టం. ఇంగ్లండ్‌లో 2016లో కింది లీగ్‌ల క్లబ్బులాడే ఈఎఫ్ఎల్ ట్రోఫీలోకి పెద్ద క్లబ్బుల అండర్-21 జట్లని తెచ్చినప్పుడు చాలా ఊళ్ళ అభిమానులు ఆ మ్యాచ్‌లనే బహిష్కరించారు. వాళ్ళ బాధ నాకు అర్థమవుతుంది. నా క్లబ్బు ఇంకొకడి పిల్లలకి ప్రాక్టీస్ బొమ్మ కావాలా అని వాళ్ళడిగింది న్యాయమైన ప్రశ్న.

అయితే ఈ చిక్కులకి మందు లేదంటే ఒప్పుకోను. జర్మనీలో రిజర్వ్ జట్టుకి వయసు కట్టుబాటు ఉంది. 23 దాటినవాళ్ళు ఒకేసారి ముగ్గురికి మించి గ్రౌండ్‌లో ఉండకూడదు. ఎంత బాగా ఆడినా మూడో అంచె దాటి పైకి వెళ్ళనివ్వరు. 2019-20లో బయెర్న్ రెండో జట్టు ఆ మూడో లీగ్‌నే గెలిచింది. పైకి మాత్రం వెళ్ళలేదు, ఆ చోటు వెనక ఉన్న ఊళ్ళ క్లబ్బులకి దక్కింది. ఆ బయెర్న్ రెండో జట్టు డిఫెన్స్‌లో ఏడాదంతా ఆడినవాడు మన ఎఫ్‌సీ డాలస్ అకాడమీ నుంచి వెళ్ళిన క్రిస్ రిచర్డ్స్. ప్రపంచంలో అంత పెద్ద క్లబ్బు, కావాలంటే తమ పిల్లల కోసం విడిగా లీగే పెట్టుకోగలదు. అయినా తమ పిల్లల్ని పాత క్లబ్బుల మధ్యకి, వేలమంది ఈలలేసే గ్రౌండ్లలోకి పంపుతోంది. అక్కడ రాటుదేలిన రిచర్డ్స్ ఇప్పుడు ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ ఆటగాడు.

స్పెయిన్‌లో ఇంకా ముందుకెళ్ళారు. రియల్ మాడ్రిడ్ రెండో జట్టు కాస్టియా 1980లో దేశవాళీ కప్ ఫైనల్ దాకా వెళ్ళి, అక్కడ సొంత మొదటి జట్టు చేతిలోనే 6-1తో ఓడింది. లీగ్ కూడా గెలిచిన మాడ్రిడ్ మొదటి జట్టు లీగ్ విజేతలాడే యూరోపియన్ కప్‌కి వెళ్ళడంతో, తర్వాతి సీజన్ కప్ విజేతలాడే యూరోపియన్ కప్ విన్నర్స్ కప్‌లో ఆడింది ఈ కాస్టియానే. 1984లో రెండో డివిజన్ కూడా గెలిచింది. మొదటి జట్టు పై డివిజన్‌లో ఉంది కాబట్టి ప్రమోషన్ ఇవ్వలేదు. తర్వాత మాడ్రిడ్‌కి పెద్ద స్టార్ అయిన బుత్రగెన్యో ఆ జట్టులోంచి వచ్చినవాడే. అక్కడ కూడా చిన్న క్లబ్బుల అభిమానులు సణుగుతూనే ఉంటారు. కానీ పద్ధతి తరాలుగా నిలిచింది, ఎందుకంటే ఎవరి హద్దు ఎక్కడో అందరికీ తెలుసు.

అమెరికాలో ఆ హద్దులు గీసుకునే ఓపిక చూపించలేదు. 2022లో ఎంఎల్ఎస్ తన సొంతంగా నెక్స్ట్ ప్రో అనే లీగ్ పెట్టి, మరుసటి ఏడాదికల్లా తన క్లబ్బుల రిజర్వ్ జట్లన్నిటినీ అందులోకి లాక్కుంది. మొదటి సీజన్‌లో 21 జట్లుంటే అందులో ఇరవై రిజర్వ్ జట్లే. స్వతంత్ర క్లబ్ ఒక్క రాచెస్టర్, అదీ ఆ ఒక్క సీజన్‌తో మూతపడింది. తర్వాత చట్టనూగా ఎఫ్‌సీ (రెడ్ వుల్వ్స్ కాదు, ఆ ఊళ్ళోనే ఇంకో క్లబ్), కరొలైనా కోర్ లాంటి ఊళ్ళ జట్లు చేరడం నాకు సంతోషమే. కానీ ఇప్పటికీ అక్కడ ఎక్కువ వారాలు పిల్లలు పిల్లలతోనే ఆడతారు. డ్రా అయితే పెనాల్టీ షూటౌట్ పెట్టి అదనంగా ఒక పాయింట్ ఇస్తారు. పెనాల్టీలు కొట్టడం అలవాటవుతుంది, మంచిదే. కానీ 1-1 దగ్గర చివరి పది నిమిషాలు పళ్ళు బిగించి డ్రా కాపాడుకోవడం కూడా ఒక విద్య. అది ఆ లీగ్‌లో ఎవరు నేర్పాలి?

ఈ మార్పు వెనక లెక్కలు నాకు తెలియనివి కావు. తమ గ్రౌండ్లు, తమ షెడ్యూలు, తమ ప్రసారం, అన్నీ ఒకే చోట ఉంటే నడపడం తేలిక. ఊళ్ళ క్లబ్బుల ఫిర్యాదులూ ఉండవు. కానీ తేలికగా నడిచేది ఆటగాడికి మేలు చేస్తుందని ఎక్కడుంది? 2024లో నార్త్ టెక్సస్ నెక్స్ట్ ప్రో టైటిల్ గెలిచింది. నేను మనస్ఫూర్తిగా సంతోషించాను, ఆ పిల్లల కష్టాన్ని తక్కువ చెయ్యను. ఫైనల్లో ఎదురు పడింది ఫిలడెల్ఫియా యూనియన్ 2. ఇద్దరూ రెండో జట్లే. 2019లో గ్రీన్‌విల్ ఓడినప్పుడు ఒక ఊరు ఓడింది, తర్వాతి ఏడాది ఆ ఊరే లీగ్ చాంపియన్ అయింది. ఫిలడెల్ఫియా రెండో జట్టు ఓడిన రాత్రి ఆ ఊళ్ళో ఎంతమంది నిద్ర చెడింది?

ఇంకో తప్పు కూడా జరిగింది. చిన్నా పెద్దా అన్ని అంచెల క్లబ్బులూ ఆడే, 1914లో మొదటి ఫైనల్ జరిగిన యూఎస్ ఓపెన్ కప్‌కి 2024లో ఎనిమిది ఎంఎల్ఎస్ క్లబ్బులే మొదటి జట్లను పంపాయి. మరికొన్ని తమ రిజర్వ్ జట్లను పంపాయి. అభిమానులు మండిపడ్డారు, నేనూ వాళ్ళతోనే ఉన్నాను. చిన్న ఊరి క్లబ్ ఏళ్ళ తరబడి ఎదురుచూసేది పెద్ద జట్టు తమ ఇంటికి రావాలని. పెళ్ళికి పిలిస్తే తాను రాకుండా పిల్లాడి చేత చదివింపుల కవరు పంపినట్టుంది అది. రిజర్వ్ జట్టు ఆడాలి అంటే మొదటి జట్టుకి బదులుగా ఆడాలని కాదు. తన పేరుతో, తన పాయింట్ల కోసం ఆడాలి.

మన దేశంలోనూ దీనికి చిన్న ఉదాహరణ ఉంది. ఇండియన్ ఆరోస్ అని ఫెడరేషన్ నడిపిన కుర్రాళ్ళ జట్టు 2017-18లో దేశంలోని పెద్ద క్లబ్బులాడే ఐ-లీగ్‌లో ఆడింది. అండర్-17 ప్రపంచ కప్ ఆడి వచ్చిన పిల్లలే అందులో ఎక్కువ. పది జట్లలో పదోదిగా నిలిచారు. అప్పట్లో చాలామంది దీన్ని డబ్బు దండగ అన్నారు. ఆ జట్టులో ఆడిన సురేశ్ సింగ్, రహీమ్ అలీ తర్వాత సీనియర్ ఇండియా జట్టుకి ఆడారు. మోహన్ బగాన్ మీద, ఈస్ట్ బెంగాల్ మీద ఆడి ఓడిపోయిన ఆ సాయంత్రాలు వాళ్ళకి ఎంత పనికొచ్చాయో ఊహించుకోవచ్చు. 2022లో ఆ జట్టుని మూసేశారు. ఇక మన హైదరాబాద్ సంగతి తలుచుకుంటే మనసు చివుక్కుమంటుంది. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా ఐదేళ్ళు రోవర్స్ కప్ గెలిచిన ఊరు, 1956 ఒలింపిక్స్‌లో ఇండియాని నాలుగో స్థానానికి తీసుకెళ్ళిన కోచ్ రహీం సాబ్ ఊరు. 2022లో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. పై జట్టే నిలవనప్పుడు కింది జట్టు గురించి ఎవరితో మాట్లాడాలి?

మళ్ళీ మా ఇంటి సంగతికి వస్తాను, ఎందుకంటే నా వాదన పుట్టింది స్టేడియంలో ఒక్కచోటే కాదు. మా వాడికి పన్నెండేళ్ళప్పుడు ఇక్కడి ఒక యూత్ క్లబ్ ట్రయల్స్‌లో రెండో జట్టులో వేశారు. ఆ ఆదివారం గుడిలో ప్రసాదం దగ్గర ఒకాయన, "బి టీమ్‌లో వేశారటగా?" అన్నాడు, ఏదో జబ్బు చేసిందన్నంత మెల్లగా. నాకు ఇంటర్ రోజులు గుర్తొచ్చాయి. విజయవాడలో మా కాలేజీలో మార్కుల్ని బట్టి సెక్షన్లుండేవి. నేను కింది సెక్షన్. మంచి లెక్చరర్లందరూ పై సెక్షన్‌కే వెళ్ళేవాళ్ళు, మాకు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్ళు. కింది సెక్షన్‌లో ఉండటం కన్నా, మమ్మల్ని ఎవరూ దేనికీ నిలబెట్టకపోవడమే ఎక్కువ బాధపెట్టింది. అందుకే రెండో జట్టు అనే మాట వింటే నాకు సిగ్గు కలగదు. ఆ జట్టుని ఎవరితో ఆడిస్తున్నారన్నదే అడుగుతాను.

ఆ క్లబ్ వాళ్ళు మా వాడి జట్టుని మిగతా రెండో జట్లన్నీ ఉన్న లీగ్‌లో వేశారు. ప్రతి శనివారం ఏడో ఎనిమిదో గోల్స్‌తో గెలుపు. ఏడాది చివర మోకాలెత్తు కప్పు ఇచ్చారు. ఆ కప్పు ఇంకా మా గరాజ్‌లో ఉంది. ఆ ఏడాది వాడు ఆటలో ఒక్క కొత్త విషయం నేర్చుకోలేదు. ఈ మాట నాది కాదు, వాడిదే.

ఎంఎల్ఎస్ మూడు పనులు చెయ్యొచ్చు, అవేమీ గొంతెమ్మ కోరికలు కావు. రిజర్వ్ జట్టు మ్యాచ్‌ల్లో కనీసం సగం ఊళ్ళ క్లబ్బులతో ఉండేలా యూఎస్ఎల్‌తో కూర్చుని మాట్లాడొచ్చు. జర్మనీలో లాగా వయసు హద్దు, పై అంచె హద్దు రాసుకోవచ్చు. రిజర్వ్ జట్టు వెళ్ళిన ప్రతి ఊరికీ ఖాళీగా మిగిలే సీట్ల నష్టం పెద్ద క్లబ్బు భరించొచ్చు. కుర్రాడొకడు కోట్ల డాలర్లకి అమ్ముడుపోయినప్పుడు, వాణ్ణి తోసి తోసి మనిషిని చేసిన ఊళ్ళ క్లబ్బులకి అందులో కొంత పంచినా తప్పు లేదు. పెపీకి మొదటి పాఠాలు చెప్పినవాళ్ళలో చట్టనూగా రెడ్ వుల్వ్స్ డిఫెండర్లు కూడా ఉన్నారు.

మా వాడికి ఇప్పుడు పద్దెనిమిది. ప్రొఫెషనల్ అయ్యే ఆట కాదు వాడిది, ఆ సంగతి వాడికీ తెలుసు. రెండేళ్ళ క్రితం తనంతట తనే వెళ్ళి లూయిస్‌విల్‌లో పెద్దవాళ్ళ సండే లీగ్‌లో చేరాడు. ఇళ్ళ కప్పులు వేసేవాళ్ళు, ట్రక్కులు నడిపేవాళ్ళు, ఇద్దరు ముగ్గురు టీచర్లు ఆడే లీగ్. గడ్డి కన్నా మట్టే ఎక్కువున్న గ్రౌండ్. మొదటి ఆదివారం ఇంటికి వచ్చి చీలమండకి ఐస్ కట్టుకుని సోఫాలో పడ్డాడు. "ఎందుకురా ఆ పెద్దోళ్ళతో నీకు, నీ వయసోళ్ళు లేరా?" అని వాళ్ళమ్మ గదమాయించింది. వాడు మాట్లాడలేదు. సాయంత్రం అయ్యేసరికి మెల్లగా కుంటుకుంటూ గరాజ్‌లోకి వెళ్ళాడు. గోడకి బంతి కొడుతున్న చప్పుడు వినిపించి వెళ్ళి చూశాను. బంతిని ఆపడం లేదు. ఒక్క టచ్‌తో పక్కకి పంపి తిరుగుతున్నాడు, మళ్ళీ మళ్ళీ, కట్టు ఉన్న కాలి మీద బరువు పడకుండా.